కాఫీతో మింగిన గోలీలు

నాచారంలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో పనిచేసే రోజుల్లో నా పక్కన ఒక అక్క కూర్చునేది. జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో కాపురం పెట్టింది. అప్పటికి ఆమెకు ఐదో నెల.

ఆ ఏడే మా సూపర్‌వైజర్ షెడ్డు మూలన కాఫీ మిషన్ పెట్టించి, పది గంటల టిఫిన్ విరామం తీసేశాడు. "ఆకలైతే కాఫీ తాగున్రి, ఎంతైనా ఫ్రీ" అన్నాడు. ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చే మేము మధ్యాహ్నంలోపే నాలుగైదు కప్పులు తాగేవాళ్లం. దవాఖానాలో రక్తం పెరగడానికి ఇచ్చిన ఐరన్ గోలీ కూడా అక్క ఆ కాఫీతోనే మింగేది. కప్పు తెచ్చిచ్చేది నేనే.

ఏడో నెలలో పరీక్ష చేస్తే రక్తం ఇంకా తగ్గింది. "గోలీలు పారేస్తున్నవా?" అని డాక్టరమ్మ అందరి ముందూ తిట్టింది. ఇంట్లో అత్తా నమ్మలేదు. తర్వాతి వారం నేను తోడు వెళ్లాను. మళ్లీ అవే తిట్లు. బయటికొస్తుంటే ఒక నర్సు ఆపింది.

"గోలీ దేంతోని ఏసుకుంటున్నవమ్మా?"

"కాఫీతోని."

"కాఫీతోని ఏసుకుంటే ఒంటికి సరిగ పట్టదు. గోలీకి ముందు గంట, ఎన్క గంట తాగకు. కడుపుతోని ఉన్నప్పుడు అసలే తక్కువ తాగాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు వారాలుగా తిట్టినవాళ్లలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

మర్నాడు సూపర్‌వైజర్‌ను నిలదీశాను. "గన్ని కప్పులు ఎవరు తాగమన్నరు?" అన్నాడు.

"మీరే సార్. తినే టైం గుంజుకొని కాఫీ చేతిల పెట్టిన్రు."

"ఎక్కువ మాట్లాడితే రేపటిసంది రాకు."

అయినా మర్నాడు నేను పనికి వెళ్లాను. పది కాగానే టిఫిన్ డబ్బా తెరిచి నేల మీద కూర్చున్నాను. అక్క వచ్చి కూర్చుంది. తర్వాత లైన్లోని ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఆయన అరిచాడు. ఎవరం లేవలేదు. మూడో రోజు యజమాని దిగివచ్చి చూసి, పావుగంట విరామం మళ్లీ ఇప్పించాడు.

అక్కకు కాన్పప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. తల్లీబిడ్డా దక్కారు. ఆ సంగతి విని సూపర్‌వైజర్, "మంచిగనే ఉన్నరు కద, ఇంకేం ఫికర్?" అన్నాడు.

కాఫీ మీద నాకు పగ లేదు. తిన్నాక ఒక కప్పు ఇప్పటికీ తాగుతాను. ఆ మాట అన్న మనిషిని మాత్రం క్షమించలేదు.