రాయ్‌పూర్‌లో రాగిరేకులు, వదిన పాటల నోటుబుక్కు

పాత లిపులంటే నాకు పిచ్చి. రాయ్‌పూర్ దగ్గరి ఆరంగ్ ఊరి వైపు దొరికిన పాతకాలపు రాగిరేకుల మీద అక్షరాల తలలకు చిన్న చిన్న పెట్టెలుంటాయని విని, వాటిని చూడటానికే వెళ్లాను. మకాం రైల్వేవాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, అన్నయ్య క్వార్టర్లో. దిగిన రోజే నోరు జారాను. వదిన పుట్టి పెరిగింది ఆ కాలనీలోనే. మాట్లాడేది తెలుగు, చదివింది హిందీ మీడియం. చర్చిలో తను పాడించే తెలుగు పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు చూసి, "ఇదేం తెలుగు వదినా!" అని పకపకా నవ్వాను. తను నవ్వలేదు. "ఈ ఆదివారం ఇంకెవర్నయినా పాడించమంటాలే," అని దాన్ని బీరువాలో పెట్టేసింది. పెళ్లికి ముందు నుంచీ పాడిస్తున్న మనిషి! నా మీద నాకే ఒళ్లు మండింది.

శనివారం వదినను బతిమాలి, ఆ రేకులున్న మ్యూజియానికి వెంటబెట్టుకెళ్లాను. పదింటికి ఆటో ఎక్కితే అరగంట పట్టింది. నూట యాభై అడిగాడు. "కాలనీవాళ్లం భయ్యా, సహీ బోలో," అని వదిన బేరమాడి నూట ఇరవైకి దించింది.

అద్దం వెనక, కడియానికి గుచ్చిన మూడు రేకులు చూడగానే అద్దానికి ముక్కు ఆనించాను. ప్రతి అక్షరం నెత్తినా గోరుతో గుచ్చినంత పెట్టె. ఒక్కటీ వంకర పోలేదు. రాగి మీద తప్పు పడితే చెరిపి రాయడం తేలికా? ఎంత ఓపిక, ఎంత చెయ్యి! పాత బ్రాహ్మి లిపి నుంచి అటు హిందీ రాసే నాగరి, ఇటు తెలుగు ఎలా విడిపోయాయో ఉపన్యాసం మొదలుపెట్టాను. వదిన మధ్యలో ఆపింది.

"ఇందులో ఉన్నది ఏ భాష?"

"సంస్కృతం."

"అది హిందీ అక్షరాల్లో కదా ఉండాలి?"

"అలాగేం లేదు వదినా. ఎక్కడివాళ్లు ఏ అక్షరాలు రాస్తే వాటిలోనే రాసుకున్నారు. మనవైపు తెలుగు అక్షరాల్లోనూ రాశారు."

"అచ్ఛా! మరి వాళ్లని చూసి ఎవరూ నవ్వలేదా?"

తల దించుకుని, "తప్పయింది వదినా," అన్నాను. తను మాత్రం ఆ రేకుల ముందు ఇంకో పావుగంట నిలబడింది.

లిపులు ఎలా పుట్టాయో, ఎలా మారాయో ఇన్నేళ్లూ చదివాను. చేతికందిన అక్షరాలతో తమ మాటను నిలబెట్టుకున్నవాళ్లను అద్దం వెనక చూసి దండం పెట్టాను. అదే పని ఇంట్లో జరుగుతుంటే వెటకారం చేశాను. ఆ రేకులు చూడటానికి మీరు వెళితే కాగితం, పెన్సిలు పట్టుకెళ్లండి. ఒక్క వరుస చూసి రాస్తే ఆ చెక్కినవాడి పనితనం తెలుస్తుంది. ఆదివారం చర్చిలో వదిన ఆ నోటుబుక్కు పట్టుకుని లేచి నిలబడి పాట ఎత్తుకుంది. నాకు ఆ పాట రాదు. తన పక్కన చేరి, హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ, తెలుగులో గొంతు కలిపాను.