వదిన ఎడమచెయ్యి

మొన్న బట్టలు కొనడానికి ప్రొద్దుటూరు వెళ్లాం. బజారు మొదట్లో లారీ నుంచి పుచ్చకాయలు దింపుతున్నారు. పైనున్న మనిషి విసురుతున్నాడు, కిందున్న మనిషి పట్టుకుంటున్నాడు. పట్టేవాడి చేతులు కాయకు ఎదురు పోవడం లేదు. కాయ అరచేతులకు తాకగానే దాంతోపాటే మోకాళ్ల దాకా దిగి, అక్కడ మెల్లగా ఆగుతున్నాయి. ఒక్క కాయా పగలడం లేదు. ఎండలో నిలబడి చూస్తుంటే మా ఆయన "ఏం చూస్తాండావ్? పోదాం పా" అని విసుక్కున్నారు. నేను కదల్లేదు. నాకు మా వదిన గుర్తొచ్చింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. పులివెందులలో ఇద్దరం ఒకే హైస్కూల్లో పనిచేసేవాళ్లం. ఆమె ఫిజిక్సు, నేను తెలుగు. అసలు నేను టీచర్నయ్యానంటే ఆమె పుణ్యమే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు, చదివింది చాలన్న మా అత్తగారి ముందు నిలబడి, "నా తమ్మునికి వంటమనిషి కావాల్నా, పెండ్లాం కావాల్నా?" అని అడిగి నాతో బి.ఇడి. చేయించింది. క్లాసులో ఆమె పాఠం చెబితే పక్కగదిలో నా పిల్లలు కిటికీకి వేలాడేవాళ్లు. ఒకసారి ఇద్దరమ్మాయిలతో దుప్పటి పట్టించి, దాని మీదికి కోడిగుడ్డు బలంగా విసిరింది. గుడ్డు పగల్లేదు. "గోడైతే ఎదురు నిలబడుతుంది, గుడ్డు పగులుతుంది. దుప్పటి గుడ్డుతోపాటు వెనక్కి పోతుంది. ఆగడానికి ఎంత ఎక్కువసేపు పడితే దెబ్బ అంత తక్కువ" అని చెప్పింది. మధ్యాహ్న భోజనం గుడ్లేమోనని హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చారు. ఆమె ఇంటినుంచి తెచ్చుకున్నవే అని తెలిశాక, ఆయన కూడా ఒకటి విసిరి, గురి తప్పి, గోడకు కొట్టారు.

మద్యపానం మీద ఊళ్లలో ఆడడానికి నాటకం కావాలని మండలాఫీసు నుంచి అడిగినప్పుడు, రాసింది వదినే. తాగుబోతు మొగుడు కూడా ఆమే. తమ్ముడి లుంగీ, కాటుకతో దిద్దిన మీసం. పెళ్లాన్ని నేను. నాటకమంతా ఒక చెంపదెబ్బ మీద నిలబడేది. చప్పుడు రావాలి, నొప్పి రాకూడదు. ఇంట్లో వరండాలో నేర్పింది. "చెయ్యి వస్తాంటే ఎదురు నిలబడాకు మే. దాంతోపాటే పో. నన్ను నమ్ము, అంతే." ఆమె కుడిచెయ్యి నా ఎడమ చెంప మీదికి వస్తుంది. నేను ముఖం కుడివైపుకు తిప్పుతూ ఒక అడుగు పక్కకు వేస్తాను. కొట్టే మనిషీ, తినే మనిషీ ఒక్క ఊపిరిలో కదలాలి. తుమ్మలపల్లెలో ఆడినప్పుడు ఒక ముసలామె చీపురు పట్టుకొని "వాని చెయ్యిరగ" అంటూ వదిన మీదికి వచ్చింది. తిరుగు ప్రయాణంలో మీసం కారిపోతుంటే వదిన నవ్విన నవ్వు ఇంకా నా కళ్లముందే ఉంది.

జమ్మలమడుగులో ఆట రోజు, మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆట మొదలయ్యే ముందు ఒక అధికారి మా ఇద్దర్నీ పిలిచి, ఈ నాటకం విజయవాడలో పెద్ద సభలో ఆడిస్తామన్నాడు. "మేడం యాక్షన్ శానా బాగుంది" అని నన్ను చూపించి, మొగుడి వేషానికి మాత్రం మగమనిషిని పెట్టుకుంటామన్నాడు. వదిన లేకుండా నేను పోనని అక్కడే చెప్పాను. ఆమె చేతిలో కాటుకడబ్బా ఉంది. "పోయిరాపో మే, నాదేముండాది" అని మీసం దిద్దుకుంది. గీత సరిగ్గానే పడింది.

ఆ ఘట్టం వచ్చింది. కుడిచెయ్యి లేచింది. అలవాటు కొద్దీ నేను కుడివైపుకు తిరుగుతూ అడుగేశాను. కుడిచెయ్యి రాలేదు. అటువైపు నుంచి ఎడమచెయ్యి వచ్చింది. దెబ్బ నా దగ్గరికి రావడం కాదు, నేనే దానికి ఎదురువెళ్లాను. చెవిలో ఏదో తెగినట్టయి, జనం చప్పట్లు బావిలోంచి వినిపించాయి. చప్పట్లు మాత్రం ఎప్పటికంటే ఎక్కువే కొట్టారు.

ప్రొద్దుటూరులో చెవి డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ఎట్లా తగిలిందని అడిగితే నేను నోరు తెరిచేలోగా వదినే చెప్పింది: "తిరిగే పక్క తప్పింది సార్, పాపం." నేను మా ఆయన వైపు చూశాను. ముందు వరుసలో కూర్చున్న మనిషి. ఆయన నా భుజం తట్టి "మనిషన్నాక తప్పుతాది లే" అన్నారు. ఇంటికొచ్చాక ఎడమచెయ్యి అని నేను ఎంత చెప్పినా మా అత్తగారు ఒకటే మాట: "ఫిజిక్సు చెప్పే మనిషికి తెలీదా, నీకు తెలుసా?" విజయవాడకు ఎవరమూ పోలేదు.

ఆ తర్వాత వదిన మామూలుగానే వస్తూ పోతూ ఉండేది. ఒక పండగనాడు నా తలలో మల్లెపూలు పెట్టడానికి చెయ్యెత్తితే, నా తల దానంతటదే వెనక్కి పోయింది. ఆమె చూసింది. పూలు నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతకుమించి ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన్ని మాత్రం అడిగాను. వదిన రిటైరై కడపకు మారిపోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం ఇద్దరం వరండాలో శనక్కాయలు వలుస్తున్నాం. "ఆపొద్దు మీకు కనపల్లేదా?" అన్నాను. ఏ రోజు అని ఆయన అడగలేదు. చేతిలోని పొట్టు ఊదేసి, "చూసినా. ఎడమచెయ్యే" అన్నారు. "అక్కను నలుగుర్లో ఎట్లనేది? నువ్వంటే ఇంట్లో మనిషివి, ఓర్చుకుంటావనుకున్యా."

వదిన కొట్టింది ఒక క్షణం కోపంలో. దాన్ని క్షమించడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను, కొంత చేతనైంది కూడా. ఆయన మౌనం క్షణంలోది కాదు. పొద్దున కాఫీ ఇచ్చినప్పుడూ, చెవిలో మందు వేసినప్పుడూ, వినబడక నేను ఏంది ఏంది అని అడిగినప్పుడూ ఆయనకు అది తెలుసు. ఇప్పుడు ఇద్దరం బజారుకు కలిసే పోతాం, కలిసే వస్తాం, ఒకరి మందులు ఒకరం గుర్తు చేసుకుంటాం. ఏళ్లు గడిస్తే ఆయన మీద నా కోపం పోతుందనుకున్నాను. అది పోలేదు, మాతోపాటే వయసు పెరిగి, కాస్త నెమ్మదించి, మా ఇంట్లోనే ఉంటోంది.