ఊరెళ్ళారు అని రాశాను

మీ ఇంట్లో ఎవరైనా గుండెదడకు, దిగులుకు ‘ఆకుమందే కదా’ అని రోజూ మాత్రలు మింగుతున్నారా? అయితే తొమ్మిదేళ్ళుగా నేను మోస్తున్నది మీరు వినాలి. బరువని కూడా ఇప్పుడు తెలియడం లేదు. మొద్దుబారిపోయింది.

భిలాయిలో ఒక మూలికల కంపెనీ ఆందోళనకు మాత్రలు చేసింది. ఏడాదిపాటు వాడితే హాని ఉందా అని పరీక్ష పెట్టింది. మాత్రలు పంచి, కాలేయం చెడుతోందేమో చూడ్డానికి మూడు నెలలకోసారి రక్తం తీయించి, కాగితాలు నింపే పని నాది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో మాట్లాడేవాణ్ణి కనుక జనం నమ్మారు.

క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో ఉండే అప్పలనర్సమ్మ కూడా నమ్మింది. భర్త పోయాక ఆమెకు దడ పట్టుకుంది. ఆమె మెడలో తాయెత్తు తీయించింది నేనే. ఆరో నెల రక్తం తీయించాల్సిన రోజు నేను పక్క ఊరు దుర్గ్‌లో ప్రసంగిస్తున్నాను. ఏ విషయం మీద? రుజువు లేనిదే దేన్నీ నమ్మవద్దని. తిరిగొచ్చి, ఆమె ఆరో నెల కాగితంలో మూడో నెల అంకెలనే మళ్ళీ వేశాను.

ఎనిమిదో నెలలో ఆమె నన్ను గుమ్మంలోనే ఆపింది.

“బాబూ, ఒళ్ళంతా ఒకటే దురద. కళ్ళు పచ్చబడ్డాయంటంది కోడలు. ఈ మాత్రలవల్ల ఏటైనా అవుతాదేటి?”

“ఆకుమందే కదమ్మా. ఏం కాదు.”

“తాయెత్తు తెంపించినోడివి. నువ్వు సెప్తే మింగుతాను మరి,” అని నవ్వింది.

ఏ మాట అన్నందుకు జనాన్ని ఇన్నేళ్ళూ ఎగతాళి చేశానో, అదే మాట నా నోట వచ్చింది. ఎందుకు? రక్తపరీక్షకు పంపితే, ఆరో నెల రిపోర్టు ఏదని డాక్టర్లు అడుగుతారు, నా దొంగ అంకెలు బయటపడతాయి. అంతే. అంతకంటే పెద్ద కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఇక్కడి తెలుగువాళ్ళు ఎండాకాలం శ్రీకాకుళం, విజయనగరం రైలెక్కితే నెలల తరబడి రారు. అందుకే కాగితంలో ‘ఊరెళ్ళారు’ అని ఉంటే ఎవరూ తిరిగి అడగరు. తొమ్మిదో నెల రక్తం తీయించాల్సినప్పుడు ఆమె పేరు ఎదుట అదే రాశాను. ఆమె క్యాంప్ 2లోనే, మంచం మీద ఉంది. మిగిలిన డబ్బా అయ్యేదాకా మింగిందట. మూడు నెలలకు పోయింది.

మాత్రలవల్లేనా? తెలియదు. తెలుసుకునే దారి మూసింది నేనే.

‘ఎంతకాలం వాడినా హాని లేదని పరీక్షించినది’ అని ముద్రించిన ఆ డబ్బా ఇక్కడి ఖుర్సీపార్ బజారు దుకాణాల్లో ఇవాళా ఉంది. పక్కనుంచే నడిచి వెళ్తాను.

క్షమించమని అడగను. చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అది నా ఒక్కడికే పనికొస్తుంది. మీరు ఈ రోజే ఆ మాత్రలు మింగే మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి కళ్ళు పచ్చబడ్డాయేమో చూడండి. రక్తం పరీక్ష చేయించండి. ఆ తర్వాత కంపెనీకి రాయండి: మీ పరీక్షలో ఊరెళ్ళినవాళ్ళు ఎందరు, ఏ ఊరు వెళ్ళారు? జవాబు వచ్చేదాకా అడగండి.