కిందికి జారిపోయే ప్రకటన

మదనపల్లెలో సినిమా పోస్టర్లు అంటించే పురుషోత్తానికి నిలకడ అన్నది పుట్టుకతోనే లేదని అతని భార్య గీత అభిప్రాయం. అన్నం ముందు కూర్చున్నప్పుడు సైతం అతని చూపు వీధి వైపే ఉండేది. ఎదుటి గోడపై పొద్దున అంటించిన కాగితం అంచు లేచిందేమోనన్న అనుమానం కలిగితే, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచి వెళ్లేవాడు.

తొంభైల ఆరంభంలో ఈ వృత్తిలోకి వచ్చిన నాటినుండి అతనికి ఉన్నది ఒకటే దిగులు. తాను అంటించినది కనబడకుండా పోతుందేమోనని. వాన తడుపుతుంది, పశువు నాకుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా పక్క హాలు మనిషి వచ్చి దానిమీదనే తన బొమ్మ అంటిస్తాడు. పశువుల కొరకు అతడు మైదాపిండి జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. మనుషుల కొరకు వేరొక పద్ధతి పాటించేవాడు. పాతదాని మీద కొత్తది అంటిస్తే బరువుకు రెండూ ఊడిపడతాయి గనుక, ప్రతిదినమూ పాతదాన్ని ఇనుపరేకుతో అడుగంటా గీకివేసి, శుభ్రమైన గోడపై కొత్తది అంటించేవాడు. పాత పోస్టరుపై ఎవరేమి రాశారో, కథానాయికకు ఎవరు మీసాలు దిద్దారో అతడు చూసేవాడు కాడు. చూడడం తన పనిలో భాగమని అతనికి ఎన్నడూ తోచలేదు.

తమ్ముడు గణేష్ అన్న వెంట జిగురు బక్కెట మోస్తూ పెరిగినవాడు. పట్టణంలోకి ఫ్లెక్సీ బ్యానర్లు వచ్చిన తరువాత, ఈ బక్కెట వదిలిపెట్టి ఫ్లెక్సీ మిషను దగ్గర పని నేర్చుకుందామని అన్నను బతిమాలాడు. అన్న ఒప్పుకోలేదు. రెండు వేల ఏడవ సంవత్సరంలో ఒకనాడు బస్టాండు దగ్గర నలుగురి ఎదుట మాటకు మాట పెరిగింది.

“పో, ఆ ప్లాస్టిక్కులోనే పడి బతుకుపో. నా కండ్లకి మాత్రం కనపడద్దు!” అన్నాడు పురుషోత్తం.

గణేష్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. కుప్పం స్టేషనులో బెంగుళూరు వైపు పోయే రైలెక్కుతుండగా చూశానని పుంగనూరు మనిషి ఒకరు చెప్పినదే చివరి వార్త.

పురుషోత్తం తమ్ముడి ఫొటోతో ‘తప్పిపోయెను’ అని అచ్చువేయించి మదనపల్లె, పుంగనూరు, కుప్పం గోడలన్నిటిపైనా అంటించాడు. నెలలు గడిచినా జాడ తెలియలేదు. ఆ పోస్టరును తన అద్దానికి అంటించడానికి వచ్చిన అతణ్ణి నెట్ సెంటరు నడిపే కీర్తన వారించింది.

“అన్నా, బెంగుళూరు పోయినోళ్లు మన గోడలు సూస్తారా? కంప్యూటర్లో ఆర్కుట్ సూస్తారు. ఈడ మన ఊర్ల పేర్లతో గుంపులుండాయి. ఆటిల్లో పెడదాం.”

ఆమె అతని పేరిట ఖాతా తెరిచి, దానికి గణేష్ ఫొటో పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ప్రకటన టైపు చేసింది. ప్రకటన పక్కనే గణేష్ ముఖం కనబడింది. పురుషోత్తానికి ప్రాణం లేచివచ్చింది. మరునాడు వచ్చి చూస్తే అది అక్కడ లేదు.

“యాడమ్మా? ఎవరు సింపినారు?”

“ఎవరూ సింపలేదన్నా. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి కిందికి జారిపోతాయి. అదో, ఆ అడుగున ఉండాది సూడు.”

“అయితే దాన్ని గీకేసి మళ్లీ పైన అంటించు.”

కీర్తనకు నవ్వు వచ్చింది గాని, అతని ముఖం చూసి ఆపుకొని, పాతది తొలగించే మీట, కొత్తది పెట్టే విధానం నేర్పింది. ఆ రెండు పనులు తప్ప ఆ యంత్రంలో మరేమున్నదో తెలుసుకోవాలని అతనికి అనిపించలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవడానికి చాలాసేపు పట్టేది. కూర్చునే ఓపిక అతనికి లేదు.

పైగా మదనపల్లె గుంపులో పెట్టడానికి మదనపల్లెలోనూ, పుంగనూరు గుంపులో పెట్టడానికి పుంగనూరుకూ, కుప్పం గుంపులో పెట్టడానికి కుప్పానికీ పోవడం మొదలుపెట్టాడు.

“మూడూ ఈడ్నుంచే పెట్టొచ్చు గదన్నా! బస్సు యాలకి?” అన్నది కీర్తన.

“మదనపల్లెలో నిలబడి కుప్పం గోడకి జిగురు పూస్తారామ్మా?”

అలా పూయవచ్చునని అతనికి తెలియక కాదు. కాళ్లు ఒకచోట నిలవవు. కుప్పం వెళితే ప్రకటన మార్చి, స్టేషనుకు వెళ్లి, వచ్చిపోయే రైలుపెట్టెల కిటికీలన్నీ వెతకవచ్చును. గీత మాత్రం ఊరుకోలేదు.

“గోడలెక్కింది సాలక కంప్యూటరెక్కినాడు. రేపు ఆకాశం గీకతాడు” అని ఇరుగుపొరుగు వినేలా అనేది.

ఒకనాటి మధ్యాహ్నం కుప్పం నెట్ సెంటరులో అలవాటు ప్రకారం పాత ప్రకటన తొలగించి, కొత్తది పెట్టబోతుండగా, సెంటరు యజమాని మునిరత్నం టీ తాగి లోపలికి వచ్చాడు.

“అన్నా, మీ తమ్ముడు రాసింది సూసినావా?”

“ఏం రాసినాడు? యాడ?”

“నీ ప్రకటన కిందే! పొద్దున్నే నేను సదివినా... అయ్యో, గీకేసినావా?”

పురుషోత్తం తెర వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. ప్రకటనతోపాటు దాని కింద ఉన్నదంతా పోయిందని మునిరత్నం చెప్పాడు. పురుషోత్తం మునిరత్నం భుజం పట్టుకొని కుదిపాడు.

“ఏం రాసినాడో సెప్పప్పా. ఒక్క ముక్కా ఇడవకుండా సెప్పు.”

మునిరత్నం గుర్తు తెచ్చుకొని చెప్పాడు. “హోసూరులో బాగుండాడంట. పనికాడ అందరూ ‘నువ్వు తప్పిపోయినోడివంట గదా’ అని నవ్వుతాండారంట. ఫొటో తీసెయ్ అని ఇంతకుముందు గూడా రాసినాడంట, వాడు రాసిందల్లా నువ్వు తుడిచేసినావంట. ‘నా ఫొటో కావాల, నా మాట వద్దు నీకు. ఇంక రాయను’ అన్న్యాడు.”

“ఏ పేరుతో రాసినాడు?”

“ఏందో పువ్వు బొమ్మ పెట్టుకోనుండాడు. పేరు సూడలేదన్నా.”

పురుషోత్తం లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. “ఎన్ని గుంపులుండాయో అన్నిట్లోనూ వెయ్! హోసూరు గుంపుల్లో వెయ్, బెంగుళూరు గుంపుల్లో వెయ్!”

“వేస్తే? అదీ గీకతావనుకుంటాడు. ఒక్కటే పెట్టు. రోజూ దాని కిందే ఒక ముక్క రాయి. కింద రాస్తే అదే పైకొస్తాది. గీకే పని లేదు.”

“అట్లుంటాదా?”

“మొదట్నుంచీ అట్లే ఉండాది. ముందు ఆ ఫొటో తీసెయ్.”

ఈ ఒక్క మాటకు పురుషోత్తం ఎదురుతిరిగాడు. “బొమ్మ లేకపోతే ఎవరు సూస్తారప్పా?”

“సూడాల్సింది ఎవరన్నా? ఊరంతానా, వాడొక్కడా?”

మునిరత్నం చూపించిన మీటను పురుషోత్తం తన చేత్తోనే నొక్కాడు. తమ్ముడి ముఖం ఉన్నచోట బూడిదరంగు ఆకారం ఒకటి మిగిలింది. ఏమి రాయాలని మునిరత్నం అడిగితే అతనికి ‘తప్పిపోయెను’ తప్ప మరొక మాట రాలేదు. చివరకు ఇట్లా చెప్పాడు.

“గణేషూ, ఫొటో తీసేసినా. నువ్వు రాసింది నేను సూడలేదప్పా. సూడకుండానే గీకినా.”

నాటినుండి అతడు ప్రతిదినమూ కీర్తన దగ్గర కూర్చొని ఒక ముక్క చెప్పి టైపు చేయించేవాడు. తొలగించే మీట మీదికి పోతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునేవాడు. కింద ఎవరెవరో రాసినవన్నీ తెరమీద వేలుపెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఒకడు ఉద్యోగాల గురించి రాశాడు, మరొకడు ఊరికే నవ్వాడు. పువ్వు బొమ్మ మాత్రం రాలేదు. చెప్పవలసిన క్షమాపణలన్నీ అయిపోయాయి. వేరే మాట తోచక పెరటి సంగతులు మొదలుపెట్టాడు. చింతచెట్టు కొమ్మ విరిగిందన్నాడు. మరునాడు మేక ఈనిందన్నాడు.

ఆ మరునాడు కీర్తన అతణ్ణి వీధిలోనే కేకవేసింది. “అన్నా! బిరీన రా! పువ్వు బొమ్మ వచ్చిండాది!”

పురుషోత్తం తెరకు ముక్కు ఆనించి వేలు పెట్టాడు. చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

‘ఏ మేక? నల్లదా, సెవి సినిగిందా?’

మేక ఈనిందని గీత అంటుండగా పురుషోత్తం విన్నాడే గాని, పెరట్లోకి వెళ్లి చూడలేదు.

“నీ ఫోనియ్యమ్మా!” అని కీర్తన చేతిలోనుండి దాదాపు లాక్కొని ఇంటికి చేశాడు. “గీతా, ఏ మేక ఈనింది? నల్లదా, సెవి సినిగిందా?”

“ఏ మేకో తెలీకనే లోకమంతా సాటినావా?” అన్నది గీత. “ఎవరడగతాండారు?”

“గణేషు.”

అవతల గీత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“సెవి సినిగింది. రెండు పిల్లలు. ఒకదానికి నొసట సుక్క ఉండాది. అదీ సెప్పు. మర్సిపోతావు, ఇప్పుడే సెప్పు.”

అతడు చెప్పాడు, కీర్తన టైపు చేసింది. ప్రకటన గుంపులో అన్నిటికంటే పైకి వచ్చి నిలిచింది. పురుషోత్తం దానివైపు చూడలేదు. దాని కింద జవాబు వచ్చే ఖాళీ స్థలాన్ని చూస్తూ, ఆనాడు అంటించవలసిన పోస్టర్లన్నీ బయట సైకిలు మీద ఎండుతుండగా, కుర్చీని మరికొంత ముందుకు జరుపుకున్నాడు.