నువ్వులనూనె తాగిన తూటాలు

మొన్న ధర్మవరంలో ఒక నగల అంగడికి పోయాను. ముక్కుపుడక మార్పించుకోవాలని. అంగడి అబ్బాయి గాజు డబ్బాలో ఉన్న త్రాసు మీద దాన్ని పెట్టి, పైన తిరిగే ఫ్యాను ఆపి, "అవ్వా, కొంచెం అట్ల జరుగు. నీ ఊపిరికే అంకె మారుతాంది" అన్నాడు. నేను జరగలేదు. ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడ్డాను. అంకె నిలిచింది. అతను నావైపు వింతగా చూశాడు. ఇంతకంటే సన్నటి తూకాలు తూచిన చేయి నాయనా ఇది, అని చెబుదామనుకున్నాను. కానీ తూచింది బంగారం కాదు, తుపాకి మందు అంటే నమ్ముతాడా? నవ్వుకుని బయటికొచ్చాను.

నేను కాపురానికి వచ్చిన ఊరు బత్తలపల్లెకు దగ్గర. ఎర్రనేల, చిన్న చిన్న గుట్టలు, వాన వస్తే వేరుశనగ, రాకపోతే ఆకాశం. మా మామ మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి వచ్చినవాడు. అక్కడి డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ తన రైఫిలును, దాంతోపాటు ఒక రేకు పెట్టెను మామకిచ్చి పోయాడు. లైసెన్సు పంట కాపలా కోసం మామ పేరుకు మారింది. అది వేటగాళ్ళ తుపాకి కాదు. సన్నటి గొట్టం, చిటికెనవేలి గోరంత గుండు. కాయ ఊరే రోజుల్లో గుట్టల మీంచి దిగి, చెట్టుకు చెట్టు తవ్విపోసే నక్కలకు అది చాలు. తీరా తూటాలు అయిపోయేసరికి పరదేశపు సరుకు రావడం ఆగిపోయింది. ఊళ్ళో ఒకాయన మామను చూసి, "ఏమప్పా, ఇంక దాంతో చింతకాయలు రాల్చుకో" అన్నాడట. అప్పుడు తెరిచాం రేకు పెట్టె.

అందులోని పనిముట్లు, అచ్చు, మందు, క్యాపుల డబ్బాలు దేనికో మామకు సగం తెలుసు. మిగతా సగం నేను తెలుసుకున్నాను. నేను బడికి పోయింది ఎనిమిదో తరగతి వరకే. కానీ తాలూకా గ్రంథాలయంలో తెలుగు బీరువాలు రెండూ చదివేసి, విధిలేక ఇంగ్లీషు బీరువా మీద పడినదాన్ని. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మొదటి పుస్తకం చదవడానికి ఒక ఎండాకాలం పట్టింది. రెండోదానికి అంత పట్టలేదు. ఈ గొప్ప నేను ఎవరి దగ్గరా దాచుకోలేదు, ఇప్పుడూ దాచుకోను. పిచ్చుకలు గూడు కట్టిన పై అరలో, ఎవరూ తీయని చోట, తూటాలు ఇంట్లోనే నింపుకోవడం గురించి ఒక పుస్తకం దొరికింది. గ్రంథాలయం పెద్దమనిషి దాన్నీ నన్నూ మార్చిమార్చి చూసి, "ఇది వంటల పుస్తకం కాదమ్మా" అన్నాడు. నిజానికి అది వంటల పుస్తకమే. కొలతలు, పాళ్ళు, సెగ, ఓపిక తప్ప అందులో ఇంకేమీ లేదు.

కాల్చేశాక మిగిలిన ఇత్తడి తూటా తొడుగును పారేయకుండా తుడిచి, పోకచెక్కలు కత్తిరించే అడకత్తెరలాంటి పనిముట్టులో నొక్కితే మూతి మళ్ళీ కుదురుకుంటుంది. అడుగున చిన్న క్యాపు కూర్చోబెట్టాలి. తుపాకి సూది కొడితే నిప్పు పుట్టేది అందులోనే. ఆపైన మందు తూచి పోసి, సీసపు గుండు బిగించాలి. గుండ్లు మేమే పోసేవాళ్ళం. వెనక పెరట్లో మూకుట్లో సీసం కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక ఒక్కొక్కటీ ఎండలో తిప్పి చూసేదాన్ని. ముడత పడినదీ, అంచు నిండనిదీ మళ్ళీ మూకుట్లోకే. మా అత్త ఓళిగల పిండితో, అదే బొబ్బట్ల పిండితో, అట్లాగే చేసేది గాని, ఆమెకు ఈ పోలిక నచ్చేది కాదు. మామకు దూరపు చూపు గద్ద చూపు. దగ్గరి చూపు పోయింది. అందుకని తూకం నాది, గురి ఆయనది. ఆసుపత్రి పొడులు తూచిన త్రాసే మందు తూచేది. నేను తొందరపడితే మామ ఒకే మాట అనేవాడు: "గట్టిగా పేలేది కాదు తల్లీ కావల్సింది. అన్నీ ఒకటే మాదిరి పేలల్ల." నింపిన తూటాలు ఐదు కాల్చి చూస్తే, ఐదు చిల్లులూ ఒక పావలా బిళ్ళ కింద దాక్కునేంత దగ్గరగా పడేవి. ఆ కాగితాన్ని మామ దేవుడి పటం పక్కన అంటించాడు. అత్త పీకేసింది.

ఒక ఏడు దసరా ముందర కబురొచ్చింది. ఊరికే ఇళ్ళల్లో పడివున్న తుపాకులన్నీ వెనక్కి తీసుకుంటున్నారని, పండగ మరునాడు తాలూకా నుంచి అధికారి వస్తాడని. మా మామకు కళ్ళు కనపడవని ఎవరో అధికారి చెవిలో వేశారట. ఆ అధికారి కళ్ళముందే గురి కొట్టి చూపించాలి. లేకపోతే తుపాకి జీపెక్కుతుంది. చేనేమో కాయ మీదుంది. నక్కలు అప్పటికే ఒక మూల దున్నేశాయి. ఆ చేనే మా ఏడాది తిండి. మామ రోజూ రెండు పూటలా మజ్జిగ మాత్రమే తాగి లేచేవాడు. అధికారి కోసమని ప్రత్యేకంగా కొన్ని తూటాలు నింపి, మళ్ళీ తూచి, పెట్టెలో పెట్టాం.

పండగ మరునాడు జీపు వచ్చింది. దాని ముక్కున పసుపు, వాడిన బంతిపూల దండ. డ్రైవరు ఒక నిమ్మకాయను చేని అవతలి గట్టు మీద పెట్టి వచ్చాడు. మామ పడుకుని గురి చూశాడు. టక్కుమంది, అంతే. పేలని తూటాను వెంటనే తీయకూడదు. కాసేపు గొట్టం కదల్చకుండా ఆగి, రెండోది పెట్టాడు. టక్. మూడోది కూడా అంతే. అధికారి నడుం మీద చేతులు పెట్టుకుని, "పెద్దాయనా, నీ కండ్లను అనుమానించి వచ్చినా. కథ కండ్ల దాకా పోనే లేదే" అన్నాడు. మామ చేతిలోంచి తూటా తీసుకున్నాను. అడుగున క్యాపు చుట్టూ సన్నటి గాడిలో పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నువ్వులనూనె వాసన. నూనె దిగితే క్యాపు చచ్చిపోతుందని పుస్తకంలో చదివిన పేజీ నా కళ్ళముందు నిలబడింది. తల తిప్పితే అత్త నన్నే చూస్తోంది. పరాయి మనిషి ముందర అత్త పేరు ఎట్లా ఎత్తేది?

అత్తే ముందుకొచ్చింది. "దాన్నేం చూస్తావు లేమ్మే. నేనే పూసినా" అని నాతో అని, అధికారి వైపు తిరిగింది. "కొడవలికి పూజ చేసినా, నాగటికి చేసినా. చేను కాసేదానికి చేయకుంటే ఎట్లప్పా? రాత్రంతా నూనె గుడ్డ మీద నిలబెట్టి, బొట్లు పెట్టి, తెల్లారి తుడిచి పెట్టినా. తప్పు నాది. ఆయన తుపాకి ఏల ఎత్తుకపోతావు?"

అధికారి ఏదో అనబోయాడు గాని డ్రైవరు జీపు ముక్కు వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయుధపూజకు వాళ్ళిద్దరూ కలిసి పూసిన పసుపే అది. అధికారి మీసం దువ్వుకుని, "ఇంట్లోనే చేస్తారంట కదా. నా ముందర ఒకటి చేయండి. ఒకటే. అది పేలితే మాట్లాడుదాం" అన్నాడు.

నడవాలో పీట వేశారు. అత్త తలుపులు మూసి, గాలి రాకుండా కిటికీకి గోనెపట్టా కట్టింది. అధికారి సిగరెట్టు తీశాడో లేదో, "అది బయట" అంది. ఆయన జేబులో పెట్టేసుకున్నాడు. నేను కొత్త క్యాపు కూర్చోబెట్టి, త్రాసు ఎత్తి, మందు పలుకుపలుకుగా రాల్చాను. ముల్లు నడుమకు వచ్చేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. ఎదురుగా తాలూకా అధికారి బుగ్గలు పూరించుకుని కూర్చున్న రూపం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వితే చేనంతా ఎగిరిపోతుందన్నట్టే ఉంది. గుండు బిగించి, బయటికొచ్చి ఎండలో ఒకసారి తిప్పి చూసి, మామ చేతిలో పెట్టాను. "నింపేది ఈ పాపనా?" అన్నాడు అధికారి. "మా కోడలు సార్. పుస్తకం చూసి చేస్తాది" అన్నాడు మామ, నేను కలెక్టరైనట్టు.

పేలింది. గట్టు మీద నిమ్మకాయ లేదు. డ్రైవరు వేరుశనగ సాళ్ళలో వంగి వంగి చాలాసేపు వెతికి, ఇంత తొక్క పట్టుకొచ్చి, "మిగిలింది ఇదే సార్" అన్నాడు. అధికారి తొక్కను వాసన చూశాడు. జీపు ముందుభాగం మీదనే కాగితం పెట్టి సంతకం చేశాడు. ఆయన పోయాక మామ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. అత్త గిన్నెలు సర్దుతూ నన్ను అడిగింది: "నూనె వద్దు, సరే. బొట్టన్నా పెట్టచ్చునా? నీ పుస్తకంలో ఏం రాసుండాది?" బొట్టు సంగతి పుస్తకంలో లేదని చెప్పాను. "అట్లయితే అదేం పుస్తకం" అంది. మరుసటి ఏడు నుంచి రేకు పెట్టె మూతకు మాత్రం పెట్టేది.

ఆ ఏడు పంట దక్కింది. ఆ తర్వాత వాన దక్కనిచ్చినంత వరకు దక్కుతూ వచ్చింది. మామ పోయాక తుపాకిని మేమే తీసుకుపోయి అప్పగించాం. అత్త కూడా వద్దనలేదు. అప్పటికి గుట్టల మీద నక్కల కూత వినపడక చాలా ఏళ్ళయింది. నక్కలు ఆఖరిసారి మా చేలోకి వచ్చిన రాత్రి ఏదో ఎవరికీ తెలియదు. దేనికైనా ఆఖరిసారి ఇదే అని కాలం ముందుగా చెబితే, ఆ రాత్రి తుపాకి పక్కన పెట్టి కాసేపు విని ఉండేవాళ్ళమేమో.