క్యాబేజీ చేను కింది ఊట

జి.మాడుగుల దగ్గర ఒక కొండ ఊళ్ళో నేను టీచరుగా చేరిన రెండో వానాకాలం అది. పాపకు మూడో నెల. జ్వరాలొచ్చి నా పాలు తగ్గిపోతే డబ్బాపాలు కలిపి పట్టేదాన్ని. నీళ్ళు ఇంటి దిగువనున్న ఊటవి. ఊటకు పైన క్యాబేజీ చేను. పెద్ద వాన పడితే చేలో చల్లిన యూరియా, పెంట బురదతో కలిసి ఊటలోకే దిగేవి. బురద పేరుకున్నాక నీళ్ళు తేటగానే ఉండేవి. నేను కాచి, వడగట్టేదాన్ని.

ఒక పొద్దున పాపకు స్నానం చేయిస్తుంటే, ఆ చేను చేసుకునే ఆమె మా వాకిట్లో ఆగిపోయింది.

"టీచరమ్మా, గుంట మూతి సూసినావా? నేరేడుపళ్ళు తిన్నట్టుందేటి?"

పెదాలు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. పాప ఏడవడం లేదు.

"బేగి పద" అంటూ ఆమే పాపను కొంగులో చుట్టింది.

జీపులో ఆసుపత్రికి వెళ్ళేదారంతా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా ఆగిపోయిందనిపించేది.

డాక్టరు ఆక్సిజన్ పెట్టి, నీలిరంగు మందేదో నరానికి ఎక్కించాడు. ఏ నీళ్ళు పడుతున్నారని అడిగాడు. చెప్పాను.

"ఎరువు కలిసిన నీళ్ళు పసిపిల్లల రక్తాన్ని పాడుచేస్తాయమ్మా. కాస్తే అది పోదు, ఇంకా చిక్కబడుతుంది."

సాయంత్రానికి పాప పెదాలు ఎర్రబడి, గుక్కపెట్టి ఏడ్చింది. అప్పుడు నేనూ ఏడ్చాను.

మాతోనే జీపులో వచ్చి బయట కూర్చున్న ఆ చేను ఆమె లేచింది. "నా సేను వల్లేనా అమ్మా? మా కోడలికి ఈ నెల్లోనే కాన్పు."

మా ఆయన కాఫీ తోటల్లో మట్టి కోత ఆపే పనులు చూసేవాడు. చేనుకూ ఊటకూ మధ్య మోకాలి లోతున వెడల్పాటి గొయ్యి తవ్వించి, ఇసుక, ఆకుమట్టి నింపించాడు. వాన నీళ్ళు అక్కడ నిలిచి ఇంకితే, ఎరువును అందులో నాటే మొక్కలు తాగేస్తాయన్నాడు. ఆమె, నేను వట్టివేరు, మెట్టతామర నాటాం.

మొదటి పెద్దవానకు గొయ్యి అంచుదాకా నిండింది. దాని దిగువ గట్టు ఒక పక్క జారుతోంది. "రాయెయ్యి, రాయెయ్యి!" అని ఆమె అరిచింది. ఇద్దరం తడుస్తూ రాళ్ళు పేర్చాం. తెగితే అంతా ఊటలోకే. గట్టు నిలిచింది. మర్నాటికి నీళ్ళు ఇంకిపోయాయి.

ఆమె వానల ముందు యూరియా చల్లడం మానేసింది. మనవడు పుట్టాక, వాడి గోళ్ళు చూడమని రోజూ మా ఇంటికి తెచ్చేది. రెండేళ్ళకు ఊట నీళ్ళు పరీక్ష చేయిస్తే, బాగున్నాయన్నారు. ఆమె చెంబుతో ముంచి ముందు తాను తాగింది. నేనూ తాగాను. పాపకు మాత్రం ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, చేలన్నిటికీ పైనున్న ఇంకో ఊట నుంచే నీళ్ళు మోసుకొచ్చాను.