పైన ఈరోజు తేదీ, కింద నిన్నటి మాట

పొద్దున మా అక్క కూతురు ఫోను నా ముందు పెట్టి, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు సంగతులు చెప్పే పేజీలో ఒక చిన్న వరుస మీద వేలు పెట్టింది. నాకు సంతకం తప్ప చదువు రాదు, కూడబలుక్కుంటే నాలుగు అక్షరాలు దొరుకుతాయంతే, అందుకని తనే చదివింది. 'ఈ మాట పొద్దున ఆరింటిది' అని ఉందట. ఆ వరుస అక్కడికి ఎందుకొచ్చిందో ఊళ్లో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. నేను చెబుతాను నువ్వు రాయమ్మా అన్నాను. రాస్తోంది.

పెనుకొండ దగ్గర మాకు కాస్త మల్బరీ తోట, దాని అంచున పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. పిల్లలు లేరు. అక్క పోయాక ఈ పిల్లను మేమే తెచ్చుకున్నాం. మా ఆయన ఆకు కోసుకొచ్చేటప్పుడు ఆకుమూట మీద దీన్ని కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు, పురుగులు మేసే చప్పుడు వింటే తప్ప దీనికి నిద్ర పట్టేది కాదు, ఆకుల మీద సన్నటి వాన పడుతున్నట్టుంటుంది ఆ చప్పుడు. చదువుకుంది, హిందూపురంలో ఒక చిన్న కంప్యూటరు ఆఫీసులో చేరింది. గూళ్ల రైతుల కోసం పేజీ చేయడం అక్కడ దాని మొదటి పని. ఈరోజు మార్కెట్టు ఉందా లేదా, వాన వచ్చేట్టుందా, అన్నీ అందులోనే. మా ఆయన బస్టాండులో కనబడిన వాడికల్లా ఫోను చూపించేవాడు. "ఏమబ్బా, ఇంక మార్కెట్టంతా నీ జోబులోనే ఉండాదే!" అని ఎవరైనా ఎకసెక్కం ఆడితే, "జోబు నాదే, తాళం మాత్రం మా పాప కాడ ఉండాదప్పా" అని నవ్వేవాడు.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. పురుగులు చంద్రికలనే వెదురు తడికెల మీద గూళ్లు కట్టేశాయి, ఇక విడదీసి అమ్ముకోవడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే దాయాదుల ఇంట్లో ముసలామె పోయి మాకు మైల వచ్చింది. మైలలో షెడ్డులో అడుగుపెట్టకూడదని మా ఆయన పట్టు, వాళ్ల నాయన నుంచి వచ్చిన పట్టు. గూడు ఆగుతుంది కానీ లోపలి పురుగు ఆగదు కదా, సీతాకోకై గూడుకు చిల్లి పొడుచుకుని బయటికొస్తుంది, చిల్లిపడ్డ గూడు నుంచి దారం సరిగా రాదు. మైల తీరేసరికి మాకు మిగిలింది ఒక్క రోజు. తెల్లవారి విడదీసి మూటలు కట్టాం. మాకు ఉత్తరాన ధర్మవరం, దక్షిణాన హిందూపురం, ఇంచుమించు ఒకే దూరం. ఆయన ఫోను తీసి చూశాడు. పైన ఆరోజు తేదీ, కింద డబ్బాలో మార్కెట్టు ఉంది అని. దక్షిణానికి పోయాం.

గేటు మూసి ఉంది. "హమాలీ పెద్దాయన పోయినాడప్పా, అందరూ మట్టి చేసేకి పోయినారు. మార్కెట్టు లేదని నిన్న సందకాడే చెప్పినారు గదా" అన్నాడు వాచ్‌మను. మా ఆయన ఫోను పైకెత్తి, "ఇదో, ఈపొద్దు తేదీనే ఉండాది సూడు" అన్నాడు. "అట్లయితే ఆ ఫోనునే తూకం వేయమను" అన్నాడు వాచ్‌మను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్కడి నుంచి ధర్మవరం చేరేసరికి అక్కడ కొనుగోళ్లు అయిపోతాయి. ఇంటికే తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున మూటల్లో గరగరమని కదలిక. విప్పితే తెల్లటి రెక్కలు. ఆయన ఆ మూటల పక్కనే కూర్చుండిపోయాడు.

పిల్ల పరుగున వచ్చి చెప్పింది. తెల్లారితే జనమంతా ఒక్కసారి పేజీ తెరుస్తారట, ప్రతివాడికీ మొత్తం కొత్తగా తయారుచేస్తే అది మొరాయిస్తుందట, అందుకని ముక్కలు చేసి, మాటిమాటికీ మారని ముక్కల్ని ముందే చేసి దాచుకుంటారట. క్యాషింగ్ అంటారట. "సంగటి ముద్దలు ముందే చేసిపెట్టుకోని, పప్పు మాత్రం అప్పటికప్పుడు పోసినట్ల చిన్నాయనా. తేదీ ఎప్పటికప్పుడు చేసేది. మార్కెట్టు డబ్బా ముందే చేసి దాచిపెట్టిన ముక్క. మూసినారని మార్కెట్టోళ్లు మార్చినారు, పాతముక్క పారేయాలని నేను రాయలేదు" అంది, ఏడుస్తూ. పప్పు వేడిగా ఉంటే సంగటి కూడా ఇప్పటిదే అనుకుంటాం కదా, నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైందనే అనుకుంటాను. "నీ సంగటి నువ్వే తినుపో" అని తోటలోకి వెళ్లిపోయాడు. మైలని ఆగి పోగొట్టుకున్న రోజుల మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాపం, అదీ ఎత్తలేదు.

ఆ తర్వాత అది ఎప్పుడొచ్చినా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తోటకు పోయేవాడు. జబ్బు పడ్డాక పోయే ఓపిక లేక గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు అది పక్కన కూర్చుని కూర్చుని లేచి వెళ్లిపోయాక, చాలాసేపటికి, గోడవైపే చూస్తూ, "బస్సు దొరికిందా ఆ పాపకు?" అన్నాడు. దొరికే ఉంటుందిలే అన్నాను. మళ్లీ అది వచ్చేసరికి ఆయన లేడు.

మా కాలంలో మార్కెట్టు కబురు మనిషి తెచ్చేవాడు. చొక్కా మీది చెమట, కాళ్ల దుమ్ము చూస్తే ఆ మాట ఇప్పటిదో నిన్నటిదో తెలిసిపోయేది. ఇప్పుడు అన్ని మాటలూ ఒకేలా మెరుస్తూ వస్తాయి, అందుకే ఈ పిల్ల ప్రతి డబ్బా కింద వేళ రాయడం నేర్చుకుంది. మంచిదే. కానీ గోడవైపు తిరిగిన ఆ ముఖం మీది కోపం ఆనాటికీ ఉన్నదేనా, ఎప్పుడో చల్లారిపోతే తీసేయడం తెలియక అలాగే ఉంచుకున్నదా, నాకు తెలియదు. దాని కింద వేళ రాసి లేదు. ఇది రాస్తూ పిల్ల చేయి ఆగిపోయింది. రాయమ్మా, ఆ బస్సు మాట కింద మాత్రం వేళ రాయి, అది అప్పటికప్పుడు వచ్చిన మాటే.